మారేడాకు ఒకటియా, మూడా? – పత్ర, పర్ణ, దళ శబ్దముల విచారము

మారేడు కొమ్మనుండి త్రుంచిన త్రిదళమును చూపి, ఇది ఒక ఆకా, మూడాకులా అని అడిగినచో సంస్కృత విద్యార్థియు వృక్షశాస్త్ర విద్యార్థియు సామాన్యముగా వేరువేరు సమాధానములు చెప్పుదురు. మొదటివాడు మూడాకులనును. రెండవవాడు మూడు భాగములుగల ఒకే ఆకనును. ఇరువురును చూచునది ఒకే వస్తువు. అందుచేత ఈ భేదము వస్తువులోనిది కాదు, శబ్దములోనిది. పత్రము, పర్ణము, దళము అను మాటలను బాల్యముననే పర్యాయములుగా కంఠస్థము చేసి, వాని అవాంతర భేదమును పిమ్మట ఎన్నడును విచారింపకపోవుటచే మొదటి సమాధానము పుట్టినది. శబ్దముల వ్యుత్పత్తిని, సమాస స్వరూపమును పరిశీలించినచో సంస్కృత సంప్రదాయము కూడ రెండవ సమాధానమునకే అనుకూలముగా నున్నదని తేలును.

ఇది మాటల తగవు మాత్రమే యని త్రోసివేయరాదు. దశమూలములలో చేరిన శాలపర్ణి ఏ మొక్క యను ప్రశ్నయు దీనిపైననే కొంతవరకు ఆధారపడియున్నది. ఆ విషయము తరువాత వచ్చును. ముందు ఆకును చూడవలెను.

ఆకు యొక్క అవయవములు

మారేడు రూటేసీ యను కుటుంబమునకు చెందిన చెట్టు. నిమ్మ, నారింజ, వెలగ, కరివేప అన్నియు ఆ కుటుంబములోనివే. దీని శాస్త్రనామము ఈగిల్ మార్మెలాస్. లిన్నేయసు 1753లో దీనిని క్రటీవా యను ప్రజాతిలో చేర్చెను. 1800లో కొరేయా డ సెర్రా అను పోర్చుగీసు పండితుడు దానిని అచటనుండి తీసి ఈగిల్ అను ప్రజాతిలో నిలిపెను. క్రటీవా యనగా మన వరుణవృక్షము, తెలుగున ఉలిమిడి. దానికిని మూడు దళముల ఆకు, గుండ్రని కాయ ఉన్నవి. పైపై చూపునకు రెండును ఒకటిగా తోచుటలో వింతలేదు. రెండు ఆకులను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో భేదము తెలియును. ఉలిమిడియందు మూడు దళములును కాడ కొనయందలి ఒకే బిందువునుండి బయలుదేరును, అరచేతినుండి వ్రేళ్ళు వచ్చినట్లు. మారేడునందు అట్లు కాదు. కాడ కొంతదూరము వచ్చిన పిమ్మట ఇరుప్రక్కల ఎదురెదురుగా రెండు దళములు దాదాపు తొడిమ లేకయే అంటుకొని యుండును. ఆపై కాడ మరికొంత సాగి కొనయందు మూడవ దళమును మోయును. కనుక నడిమి దళమునకు స్పష్టమైన చిన్నకాడ ఉన్నట్లు కనబడును. ఇది ఈకవలె నడుమ వెన్ను కలిగిన నిర్మాణము. ఆ ఈకయందు ఒక్క జంట, ఒక కొన మాత్రమే మిగిలినవని భావింపవచ్చును. శాస్త్రజ్ఞులు మొదటిదానిని హస్తాకార త్రిదళమనియు, రెండవదానిని పిచ్ఛాకార త్రిదళమనియు అందురు. మారేడాకును ఉలిమిడి ఆకునుండి వేరుచేయుటకు ఇంతకన్న సులభమైన గుర్తు మరొకటి కలదు. ఆకును వెలుతురునకు ఎదురుగా పట్టినచో సూదిమొనలతో పొడిచినట్లు పారదర్శకమైన చుక్కలు కనబడును. నలిపినచో పరిమళము వచ్చును. ఆ చుక్కలు తైలగ్రంథులు. నిమ్మాకునందును కరివేపాకునందును ఉన్నవి అవియే. ఉలిమిడి ఆకునందు అవి లేవు.

ఇక అవయవములను క్రిందినుండి చెప్పవలెనన్న: కొమ్మను అంటియున్నది పత్రపీఠము. దానిపైది కాడ, పత్రవృంతము. వృంత శబ్దమునకు అమరసింహుడు ప్రసవబంధనమని అర్థము చెప్పెను. ప్రసవమనగా పూవు, కాయ అను అర్థమే ముందుగా స్ఫురించును. కావున ఆకు కాడకు వృంత శబ్దము చెల్లునా యని సందేహము రావచ్చును. తాళవృంతమను మాట ఆ సందేహమును తీర్చును. అది తాటాకును కాడతో సహా కోసి చేసిన విసనకఱ్ఱ. అచట వృంతము ఆకు కాడయే గాని పూవుది కాదు. తెలుగున తొడిమ శబ్దమును పూవునకు, కాయకు ఎక్కువగా వాడుదుము. అయినను తమలపాకునకు తొడిమ త్రుంచుట ఇంటింట వినబడు మాటయే. ఈనె యన్నది మాత్రము ఆకు సొత్తు. తమలపాకు ఈనె తీయుట, ఈనెల చీపురు కట్టుట తెలియని తెలుగువారు లేరు.

ఒక్కొక్క దళమునందు నడుమ ఈనె, దానినుండి ఇరుప్రక్కలకు వచ్చు పిల్ల ఈనెలు, వాని నడుమ వలవలె అల్లుకొన్న సన్నని ఈనెలు ఉన్నవి. అంచులు సూక్ష్మముగా నొక్కులు నొక్కులుగా నుండును. కొన సాగియుండును. నడిమి దళము తక్కిన రెండింటికన్న సామాన్యముగా పెద్దది. లోపలి నిర్మాణము నిమ్మాకు మొదలైనవాని వంటిదే. పై చర్మము, దానిక్రింద స్తంభములవలె నిలిచిన కణములు, వానిక్రింద సందులుగల వదులైన కణములు, క్రింది చర్మము. పత్రహరితము పై స్తంభకణములయందు అధికము. గాలి వచ్చిపోవు పత్రరంధ్రములు అడుగువైపుననే ఎక్కువ. కావుననే ఆకు పైభాగము ముదురాకుపచ్చగను, అడుగుభాగము వెలవెలబోయినట్లును కనబడును.

ప్రాచీన గ్రంథములయందు ఆకు అంతర్నిర్మాణము ఎంతవరకు వివరింపబడినదో విచారించునపుడు పరాశరుని పేర 1996లో ఢిల్లీలో ముద్రితమైన వృక్షాయుర్వేదమును కొందరు ప్రమాణముగా చూపుదురు. ఆ గ్రంథము కాలమును గూర్చి పండితులలో గట్టి సందేహములున్నవి. దానిపై ఆధారపడి ప్రాచీనులకు ఇది తెలియునని సిద్ధాంతము చేయుట తొందరపాటు. అదే సంవత్సరము సికింద్రాబాదునుండి వెలువడిన సురపాలుని వృక్షాయుర్వేదము అట్టిది కాదు. అది చెట్లను నాటుట, పెంచుట, వానికి వచ్చు రోగములకు చికిత్స చేయుట యను ప్రయోజనములకై వ్రాసిన గ్రంథము. ఆకు అవయవ విభాగము దాని ఉద్దేశము కాదు. చరకుడు ఓషధుల ఉపయోగపడు భాగములను లెక్కించుచు పల్లవమును, పత్రమును, శుంగమును, కంటకమును వేరువేరుగా పేర్కొనెను. చిగురు, ముదిరిన ఆకు, మొగ్గ వేరువేరు ద్రవ్యములన్న వివేకము అచట ఉన్నది. అంతవరకే మనము నిశ్చయముగా చెప్పగలము.

ఆకును గుర్తించుటకు నికషము

ఏది ఆకు, ఏది ఆకులో భాగము? దీనికి వృక్షశాస్త్రము చూపిన నికషము ఒకటి కలదు. ఆకు కొమ్మను కలియుచోట ఏర్పడు మూలను గ్రీవమందురు. నిజమైన ఆకు గ్రీవమునందు ఒక మొగ్గ ఉండును, లేదా మొగ్గనుండి పుట్టిన కొమ్మయో, పూగుత్తియో, ముల్లో ఉండును. ఆకులోని భాగమునకు అట్టి మొగ్గ ఉండదు. ఆకారముచేతగాని, పరిమాణముచేతగాని, సంఖ్యచేతగాని నిర్ణయము చేయరాదు.

మారేడు విషయమున ఈ పరీక్షకు కండ్లు తప్ప మరే సాధనమును అక్కరలేదు. చెట్టే ముండ్లతో గుర్తు పెట్టియున్నది. మారేడు ముల్లు నిటారుగా, బలముగా, ఒక్కటిగానో జంటగానో ఆకు గ్రీవమునందు నిలిచియుండును. అది మొగ్గ మారిన రూపమే. ఆ ముల్లు ఎచట నున్నదో చూడవలెను. కాడ కొమ్మను అంటినచోట ఉన్నది. మూడు దళములు కాడను అంటినచోట లేదు. వసంతమునందు క్రొత్త రెమ్మలు, గ్రీష్మమునందు పూగుత్తులు వచ్చునవియు ఆ కాడ మొదటనే. దళముల మొదట ఏ మొగ్గయు, ఏ ముల్లును, ఏ పూవును లేదు. కావున కాడ మొదలుకొని మూడు దళముల కొనల వరకు ఉన్నదంతయు ఒక్క ఆకు.

ఆకు రాలుటను చూచి నిర్ణయింపవచ్చునని కొందరు చెప్పుదురు. మొత్తము కలిసి రాలినచో ఒకటి, విడివిడిగా రాలినచో మూడు అని. ఈ పరీక్ష నమ్మదగినది కాదు. ఈ కుటుంబములోని సంయుక్తపత్రములయందు దళము కాడను కలియుచోట కీలు ఉండును. ఎండినపుడు దళము ఆ కీలువద్ద ఊడి విడిగా రాలవచ్చును. విడిగా రాలినంతమాత్రమున అది ఆకు కాజాలదు.

ఉసిరి ఇందుకు విలోమమైన ఉదాహరణము. మారేడును ఉసిరిని కలిపి బోధించినచో విద్యార్థికి విషయము స్థిరపడును. ఉసిరి రెమ్మ చింతాకు రెమ్మవలె కనబడును. సన్నని కాడకు ఇరువైపుల చిన్న చిన్న రేకులు వరుసతీరి యుండును. చూచినవారందరు అది చింతాకువలె ఒక సంయుక్తపత్రమనియే భ్రమించుదురు. పైగా ఆ రెమ్మ మొత్తము ఆకువలెనే రాలిపోవును. కాని పూచినకాలమున చూచినచో ఆ చిన్న రేకుల మొదళ్ళయందు పూలు వచ్చును. అక్కడనే కాయలు కాయును. మొదట మొగ్గ ఉన్నది కనుక ఒక్కొక్క రేకును ఒక్కొక్క ఆకే. ఆకువలె తోచిన రెమ్మ నిజమునకు కొమ్మ. చింతాకు చిట్టిదళముల మొదట పూవు రాదు. కనుక అది ఆకు. ఉసిరి ప్రజాతికి ఫిలాంథస్ అను పేరు ఆకునందు పూవు అను అర్థముగల గ్రీకు మాటలనుండి వచ్చినది. పేరు పెట్టిన యూరోపీయులు కూడ ఆ చిత్రమునకు ఆశ్చర్యపడినట్లే ఉన్నది.

ఏడాకుల పాల మరొక ఉదాహరణము. దాని ఆకులు ఒక్కొక్క కణుపునందు నాలుగునుండి పది వరకు చక్రాకారముగా కూడియుండును. దూరమునుండి బూరుగాకువలె అరచేయి వంటి ఒకే ఆకుగా కనబడును. అవి కణుపునకు అంటియున్న వేరువేరు ఆకులు. బూరుగునందు ఐదారు దళములు ఒకే కాడ కొనను అంటియుండును. కావున అది ఒక ఆకు. సప్తపర్ణ శబ్దమునకు మన వైయాకరణులు చెప్పు విగ్రహము ఇచట గమనింపదగినది. ఏడు ఆకులు కలది అని ఊరకొన్నచో చెట్టు మొత్తమునకు ఏడే ఆకులన్న అసంగతార్థము వచ్చును. కావున వీప్సార్థమును చేర్చి కణుపు కణుపున ఏడేసి ఆకులు కలది అని వివరించుదురు. పర్వశబ్దముతో విగ్రహము చెప్పినవారు ఆకుల స్థానము కొమ్మ కణుపే అని గుర్తించినారు. అది వృక్షశాస్త్రజ్ఞుని వాక్యమే. ఆకుల సంఖ్య కణుపునకు ఒక్క తీరుగా నుండదు కనుక అమరమునందు ఆ చెట్టునకు విషమచ్ఛదమను పేరు కూడ ఉన్నది.

శబ్దముల సంగతి

అమరకోశము వనౌషధి వర్గమునందు పత్రము, పలాశము, ఛదనము, దళము, పర్ణము, ఛదము అను ఆరు మాటలు ఆకునకు చెప్పబడినవి. కోశకారుని పని అంతటితో తీరినది. కాని ధాతువులు వేరు. పత్రము పత ధాతువునుండి ష్ట్రన్ ప్రత్యయముతో కరణార్థమున సిద్ధించును (3.2.182). ఎగురుటకు సాధనము గనుక మొదట రెక్క, పిమ్మట ఆకు. ఛదనము, ఛదము కప్పునది అను అర్థము కలవి. దళము విశరణార్థకమైన దల ధాతువునుండి వచ్చినది. చీలినది, పగిలినది, విడివడిన ముక్క అని దాని మూలార్థము. ద్విదళమనగా రెండు బద్దలుగా చీలు పప్పుగింజ. పత్రము రెక్కవలె సమగ్రమైన అవయవమును తెలుపగా దళము సమగ్రమునుండి విడివడిన అంశమును తెలుపుచున్నది. ఈ భేదమును బట్టి చూచినచో మారేడాకు త్రిదళమగుట సహజము. త్రిపత్రమనుట శిథిల ప్రయోగము. నిఘంటువులయందు మారేడునకు త్రిపత్రమను పేరు కూడ కనబడును. దానిని కాదనుటకు వీలులేదు. రెండు పేర్లలో ఏది వస్తుస్వరూపమునకు దగ్గర యన్నదే ఇచట ప్రశ్న.

త్రిదళమను నపుంసక ఏకవచనము ఏ సమాసము? మూడు దళముల సమాహారమని ద్విగువు చెప్పినచో అకారాంతోత్తరపద ద్విగువు స్త్రీలింగమగునన్న వార్తికముచేత, 4.1.21 సూత్రముచేత ఙీప్పు వచ్చి త్రిలోకీ, పంచవటీ శబ్దములవలె త్రిదళీ అని కావలసియుండును. పాత్రాదులయందు దళ శబ్దమును చేర్చుకొని పంచపాత్రమువలె, త్రిభువనమువలె సాధింపవచ్చును గాని అది అగతికగతి. త్రిఫలా శబ్దమునకు అజాదిపాఠమువలన టాప్పు కలదు. త్రిదళమునకు అట్టి ఆశ్రయము లేదు. మూడు దళములు దేనికి కలవో అది అని బహువ్రీహి చెప్పినచో ఏ క్లేశమును లేదు. అన్యపదార్థము పత్రము. పత్రము నపుంసకము కనుక త్రిదళము నపుంసకము. పత్రము ఒకటే కనుక ఏకవచనము. ఇట్లు లింగవచనములు రెండును మారేడాకు ఒకటే యని సాక్ష్యము చెప్పుచున్నవి. బిల్వాష్టకము కూడ మూడు దళములుగల దానిని ఒక్క బిల్వముగనే లెక్కించినది. వినాయక చతుర్థినాటి ఏకవింశతి పత్రములయందు మామిడి, రేగు, రావి మొదలగు సరళపత్రములతోపాటు మారేడు, వావిలి, జమ్మి వంటి సంయుక్తపత్రములును ఒక్కొక్కటిగనే పరిగణింపబడినవి. జమ్మి ఆకులో దళములు మిక్కిలి అధికమైనను లెక్క మారలేదు.

లోకవ్యవహారము మాత్రము ఇంత నియమముతో లేదు. ఒక మారేడు దళము అని మూడింటిని కలిపి అనుటయు ఉన్నది. కరివేపాకు విషయమున తెలుగు వంటింటి భాష మరింత తేటగా నున్నది. ఒక రెబ్బ కరివేపాకు అన్నచో కాడతోకూడిన మొత్తము ఆకు. అందులోని చిట్టి దళములను ఆకులందురు. సంస్కృతమున పత్రము, దళము అన్న జంటకు ఇచట రెబ్బ, ఆకు అన్న జంట నిలిచినది. సమగ్రమునకు ఒక మాట, అంశమునకు వేరొక మాట కావలెనన్న వివేకము ఇల్లాండ్రకు ఉన్నది. పాఠ్యగ్రంథములకే కొంత కొరవడినది.

శాలపర్ణి

పర్ణ శబ్దాంతములైన ఓషధి నామములకు పాణిని ప్రత్యేకముగా ఒక సూత్రమునందు స్థానమిచ్చెను (4.1.64). పాక, కర్ణ, పర్ణ, పుష్ప, ఫల, మూల, వాల శబ్దములు ఉత్తరపదముగా గల జాతివాచకములకు స్త్రీత్వమున ఙీష్ వచ్చునని దాని తాత్పర్యము. కాశికయందు పర్ణ శబ్దమునకు ఇచ్చిన ఉదాహరణము శాలపర్ణియే. కావున ఈ పేరు వర్ణనము కాదు, జాతివాచకము. ఒక మొక్కల జాతికి రూఢమైన పేరు.

ఆ జాతి ఏది? శాలవృక్షపు ఆకువంటి ఆకు గలది అని ఉపమానగర్భమైన సమాసము. శాలవృక్షమునకు అవిభక్తమైన సరళపత్రము. భారత ప్రభుత్వపు ఆయుర్వేద ఔషధకోశము శాలపర్ణిగా అంగీకరించిన డెస్మోడియం గాంజెటికం అను మొక్కకు చూపునకు ఒక్క దళమే. అండాకారముగా కొన సాగియుండును. ఉపమానము సరిపోవుచున్నది. కాని కేరళమునందు వైద్యులు శాలపర్ణి స్థానమున వాడునది సూడార్థ్రియా విస్కిడా అను వేరొక మొక్క. దాని ఆకు మూడు దళములది. మలయాళమున దానిపేరు మూవిల, అనగా మూడాకు. వైద్యనిఘంటువులయందు శాలపర్ణికి త్రిపర్ణి యను పర్యాయము ఉండుట ఆ సంప్రదాయమునకు బలము. తెలుగున దశమూలములను లెక్కించునపుడు శాలపర్ణికి ముయ్యాకుపొన్న అందురు. ముయ్యాకు అన్నను మూడాకే. ఇట్లు ఒకే పేరుతో ఏకదళమైన మొక్కయు, త్రిదళమైన మొక్కయు మందులలోనికి చేరుచున్నవి.

ఇచట పండితుడు చేయదగిన పని కొంత కలదు. త్రిపర్ణి యందలి పర్ణము ఆకు కాజాలదు, ఆకులోని దళమే కావలెను. మూడే ఆకులుగల మొక్క యనుట అసంభవము. కణుపునకు మూడేసి ఆకులను వీప్సార్థము ఈ మొక్కలకు పొసగదు. ఏలయన రెండింటికిని ఆకులు ఏకాంతరముగా కణుపునకు ఒక్కటి చొప్పుననే ఉండును. కావున శాలపర్ణి యందు పర్ణము సమగ్రపత్రమును, త్రిపర్ణియందు దళమును చెప్పుచున్నది. రెండు పేర్లును ఒకే మొక్కకు ముఖ్యార్థముతో అన్వయించుట కష్టము. మూడు దళములుగల ఆకును శాలపత్రముతో పోల్చవలెనన్న ఒక్కొక్క దళమును విడిగా తీసి పోల్చవలెను. ఏకదళమును త్రిపర్ణి యనుటకు అసలే వీలులేదు. ప్రాచీనమైన శాలపర్ణి శబ్దమును మొక్కను నిర్ణయించుటకు ప్రధానముగా గ్రహించి, త్రిపర్ణిని ప్రాంతీయ ద్రవ్యమును చూచి తరువాత చేర్చిన పర్యాయముగా భావించుట యుక్తము. మోదుగునకు పలాశము, పర్ణము అన్నవి పేర్లైనవి. ఆ చెట్టునకును మూడు దళములే. మోదుగు విస్తరి కుట్టువారు దళమును దళముగా త్రుంచి ఆకు అనియే పిలుచుదురు. పర్ణ శబ్దము దళార్థమున వ్యాపించుటకు ఇట్టి వ్యవహారమే కారణమై యుండును.

డెస్మోడియం ఆకును గూర్చి ఒక విశేషము. దాని కాడ కొన, దళము కలియుచోట కీలు, కీలువద్ద సూక్ష్మమైన రేకులు కనబడును. సరళపత్రమునకు అవి ఉండవు. మూడు దళముల ఆకునందు ప్రక్క రెండును లోపించి నడిమిది మాత్రమే మిగిలినదని దాని అర్థము. మారేడు బంధువైన నిమ్మయందు ఇదే స్థితి ఇంకను తేటగా నున్నది. నిమ్మాకు కాడకును రేకునకును నడుమ కీలు ఉన్నది. వ్రేలితో వంచినచో అచటనే తెగును. పంపర పనస ఆకునకు కాడ రెక్కలు విచ్చి, ఒక ఆకుపై మరొక ఆకు మొలచినట్లు తోచును. వీనిని ఏకదళ సంయుక్తపత్రములందురు. వెలగయందు ఐదేడు దళములు, మారేడున మూడు, నిమ్మయందు ఒకటి. ఒకే కుటుంబమునందు ఇది మెట్లవలె కనబడుచున్నది.

ఇది ఊహ కాదు. చైనా దేశపు త్రిదళ నారింజను నిమ్మజాతి చెట్లతో సంకరము చేసినపుడు పిల్లమొక్కలకు త్రిదళ లక్షణమే పైకి వచ్చును. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకమున అమెరికాలోని ఫ్లోరిడాయందు మంచునకు తట్టుకొను నారింజలకై ఈ సంకరములు ఆరంభమైనవి. ఏకదళపు నారింజను తల్లిగా, త్రిదళమును తండ్రిగా గొన్నచో, మొలచిన మొక్కలలో మూడు దళములున్నది సంకరమనియు, ఒక్క దళమున్నది తల్లి అంశముననే పుట్టినదనియు నారుమడిలోనే వేరుచేయుదురు. ఆకులోని దళముల లెక్క తోటలవారికి వంశనిర్ణయ సాధనమైనది.

పరిభాష

తెలుగు అకాడమీ 1968లో ఏర్పడిన పిమ్మట ఇంటర్మీడియటు స్థాయికి శాస్త్రగ్రంథములు తెలుగున వచ్చినవి. వానిలో ఆకు వెడల్పు భాగమునకు పత్రదళమనియు, సంయుక్తపత్రములోని భాగమునకు పత్రకమనియు పేర్లు స్థిరపడినవి. పత్రకము అల్పార్థమున కన్ప్రత్యయముతో ఏర్పడినది. వ్యాకరణదోషము లేదు. అయినను అది చిన్న ఆకు అను భావము కలిగించును. కాదు, ఆకులో భాగము అన్నదే నేర్పవలసిన విషయము. మోదుగు పత్రకము మామిడి ఆకుకన్న ఎంతో వెడల్పైనది. దానిని చిన్న ఆకనుట విద్యార్థికి చిత్రముగా తోచును. పత్రదళమను మాట మరింత చిక్కు తెచ్చుచున్నది. బిల్వదళమని వినియున్నవాడు దళమనగా మూడింటిలో ఒకటి యని గ్రహించియుండును. శతదళమని కమలమును చెప్పినపుడు పూరేకు అని గ్రహించును. పత్రదళమన్నచో ఆకులోని రేకు అను అర్థమే స్ఫురించును. మామిడాకువంటి సరళపత్రమునందు రేకు లెక్క ఏమని అడుగును. హిందీవారు వెడల్పు భాగమునకు పర్ణఫలకమను మాటను వాడుచున్నారు. ఫలకమనగా పలక. పలుచగా పరచుకొన్న దానికి అది తగినపేరు. తెలుగునందును పత్రఫలకమని వాడి, దళ శబ్దమును సంయుక్తపత్ర భాగమునకు విడిచినచో ఏకదళము, త్రిదళము, పంచదళము అని లెక్క తేలికగా సాగును. మారేడాకుకు అప్పుడప్పుడు ఐదు దళములును వచ్చును. పత్రకమను మాటతో దానిని పంచపత్రకమనవలెను. పంచదళమన్నచో తరగతిలో ఎవ్వరికిని వివరణ అక్కరలేదు.